గూడబాతులను తీరిగ్గా చూడటం ఎలా?

గూడ అంటే పొలానికి నీళ్లు తోడే బుట్ట. ఇద్దరు మనుషులు చెరోవైపు తాళ్లు పట్టుకుని కాలవలోకి ఊపి ముంచి, పైకెత్తి మడిలోకి ఒంపేవారు. పెలికాన్‌కి మన భాషలో గూడబాతు అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో ఈ పక్షిని ఒక్క చూపు చూసి వెళ్లిపోయి ఉండరని నా నమ్మకం. అది ముక్కును నీళ్లలో ముంచడం, సంచి నిండా నీళ్లెత్తడం, మెడ వంచి ఆ నీళ్లు పారబోయడం, ఇదంతా గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసినవాళ్లకే అలాంటి పేరు తోస్తుంది.

కొత్తగా పక్షులను చూడాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది గూడబాతునే. చిన్న పిట్టలు మనం బైనాక్యులర్ ఎత్తేలోపే ఆకుల్లో మాయమవుతాయి. గూడబాతు దాక్కోదు. తినడం, దెబ్బలాడుకోవడం, పిల్లలను పెంచడం అన్నీ ఆరుబయటే. కానీ దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది అయిదు నిమిషాల్లో రెండు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు. ఆ పక్షి రోజులో ఎక్కువ భాగం ఉత్తినే కూర్చుని ఉంటుంది. ఆ ఉత్తినే కూర్చునే సమయాన్ని దాటగలిగితే అసలు సరదా మొదలవుతుంది. అందుకే కింద చెప్పినవన్నీ కనీసం ఒక పూట పూర్తిగా కేటాయించగలిగినవాళ్లకు.

మొదటి అడుగు: చూసేది ఏ పెలికానో తెలుసుకోండి

ప్రపంచంలో పెలికాన్లు 8 రకాలు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. రంగులూ కొలతలూ బట్టీ పట్టే ముందు ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి: అవి చేపను ఎలా పడతాయి అన్నది. అమెరికా ఖండాల తీరాల్లో ఉండే బ్రౌన్ పెలికాన్, పెరువియన్ పెలికాన్ గాల్లోంచి నీళ్లలోకి దూకి పడతాయి. మిగతా ఆరూ నీళ్ల మీద ఈదుతూ, ముక్కు ముంచి తోడుకుంటాయి. మీరు ఉన్న చోట ఏది ఉందో తెలిస్తే కళ్లు ఆకాశం మీద పెట్టాలో నీళ్ల మీద పెట్టాలో తెలుస్తుంది.

ఆసియాలో మూడు రకాల దగ్గర తికమక వస్తుంది. స్పాట్-బిల్డ్ పెలికాన్ మిగతా రెండింటి కంటే చిన్నది. ఒళ్లు బూడిద రంగు, పైముక్కు అంచు వెంట వరసగా నల్లటి చుక్కలు. గ్రేట్ వైట్ పెలికాన్ కంటి చుట్టూ ఈకలు లేని గులాబీ చర్మం ఉంటుంది. అది తల మీదుగా ఎగిరినప్పుడు రెక్క కింద తెలుపు, వెనక అంచున నలుపు, కత్తితో కోసినట్టు విడివిడిగా కనిపిస్తాయి. డాల్మేషియన్ పెలికాన్‌కి మెడ వెనక ఉంగరాల జుట్టు. నిద్రలేచి దువ్వుకోని మనిషిలా ఉంటుంది. రెక్క కింద మసక బూడిద రంగు తప్ప ఆ గట్టి నలుపు కనపడదు. ఎగరగల పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఇదొకటి. పెద్ద మగపక్షులు 12, 13 కిలోలు తూగుతాయి, చాచిన రెక్కల వెడల్పు 3 మీటర్లు దాటుతుంది. ముక్కు పొడవులో మాత్రం ఆస్ట్రేలియన్ పెలికాన్‌దే పైచేయి. ఇప్పుడు బతికి ఉన్న ఏ పక్షికీ అంత పొడవైన ముక్కు లేదు, అర మీటరు దాకా వస్తుంది.

దూరంగా ఎగిరే గుంపు కొంగలా గూడబాతులా అని అనుమానం వస్తే మెడ చూడండి. ఎర్రకాళ్ల కొంగల్లాంటివి మెడ ముందుకు చాచి, కాళ్లు వెనక్కి వేలాడేసి ఎగురుతాయి. గూడబాతు మెడను వెనక్కి మడిచి, తలను భుజాల మీద ఆనించుకుని, పడక కుర్చీలో వాలిన పెద్దమనిషిలా పోతుంది.

రెండో అడుగు: చోటు, కాలం

లోతు తక్కువ నీళ్లు, అందులో చేపలు, పక్కన మనుషులూ కుక్కలూ రాని లంకో చెట్లో. ఈ మూడూ ఉన్న చోటే గూడబాతులు నిలుస్తాయి.

స్పాట్-బిల్డ్ పెలికాన్ చెట్ల మీద గూళ్లు కడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నేలపట్టులో నీళ్లలో నిలబడి ఉండే కడప చెట్ల మీద, కర్ణాటకలోని కొక్కరే బెళ్లూరులో ఏకంగా ఊరి మధ్య చెట్ల మీద వీటి కాలనీలు, అంటే గూళ్ల గుంపులు, పేరుపొందాయి. వానలు పడి చెరువులు నిండాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు పిల్లలను పెంచుకుంటాయి. డాల్మేషియన్‌ను పూర్తి హంగులతో చూడాలంటే గ్రీసులోని కెర్కిని సరస్సుకు జనవరి, ఫిబ్రవరిలో వెళ్లాలి. ఆ నెలల్లో దాని సంచి నారింజ ఎరుపుకు తిరుగుతుంది. గ్రేట్ వైట్‌లకు రొమేనియాలోని డాన్యూబ్ డెల్టా, ఆఫ్రికాలో సెనెగల్‌లోని జౌజ్ పక్షుల సంరక్షణ కేంద్రం పెద్ద నెలవులు. అమెరికన్ వైట్ పెలికాన్లు వేసవిలో ఖండం లోపలి సరస్సుల్లో, చలికాలంలో వెచ్చటి తీరాల్లో ఉంటాయి.

అన్నిటికంటే వింత ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సు. ఏళ్ల తరబడి ఉప్పు తేలిన ఎడారిలా పడి ఉంటుంది. ఎప్పుడో వరద వచ్చి నిండితే వందల కిలోమీటర్ల దూరం నుంచి వేల పెలికాన్లు వచ్చి దిగి, గుడ్లు పెట్టేస్తాయి. నీళ్లు వచ్చాయన్న కబురు వాటికి ఎలా అందుతుందా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

చేపల రేవులు కూడా మంచి చోట్లే. చేపలు కోసే బల్ల దగ్గర మనిషికి మూరెడు దూరంలో నిలబడే పెలికాన్లు ఉంటాయి. ముక్కు కొన దగ్గర కొక్కెం, సంచి మీద నరాల గీతలు ఇంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేం. మీరు మాత్రం చేప ముక్క విసరకండి. కోసిన పెద్ద చేపల ముళ్లు ఆ సంచిని చీలుస్తాయి. పైగా పడవల వెంట తిరగడం మరిగిన పక్షి గాలాల్లోనూ వలల్లోనూ చిక్కుకుంటుంది.

మూడో అడుగు: చేతిలో ఏముండాలి

8×42 బైనాక్యులర్ చాలు. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 10 రెట్లది కొనాలని చాలామందికి ఉంటుంది. కానీ చెయ్యి వణుకు కూడా పది రెట్లు అవుతుందని గంటసేపు పట్టుకున్నాక తెలుస్తుంది. కాలనీలను దూరం నుంచి చూడాలనుకుంటే ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్, అంటే చిన్న టెలిస్కోప్, ఉంటే బ్రహ్మాండం, లేకపోయినా లోటు లేదు.

టోపీ, నీళ్లు, చిన్న నోట్‌బుక్కు. వీటన్నిటికంటే ముఖ్యం మడత స్టూలు. నేను చాలా ఏళ్లు నిలబడే చూశాను. స్టూలు వచ్చాకే అసలు చూడటం మొదలైంది.

నాలుగో అడుగు: దగ్గరకు వెళ్లడం

మొదటిసారి నేను చేసిన పొరపాటు చెబుతాను. గట్టు మీద నిటారుగా, గబగబా, తిన్నగా గుంపు వైపే నడిచాను. వంద గజాలు ఉండగానే అరవై పక్షులూ లేచిపోయాయి. అంత బరువున్న పక్షి నీళ్ల మీంచి లేవడమంటే రెండు కాళ్లతో నీటిని తన్నుకుంటూ చాలా దూరం పరిగెత్తాలి. నా తొందర వల్ల వాటికి ఒక పూట తిండి ఖర్చయింది. అవతలి ఒడ్డున పడవలో ఉన్న పెద్దాయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

ఇలా చేయండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా ఒడ్డు ఎంచుకోండి. వెలుగు ఎదురుగా ఉంటే బూడిద రంగూ తెలుపూ అన్నీ నల్లటి ముద్దలే. గుంపు వైపు తిన్నగా కాకుండా పక్కకు వెళుతున్నట్టు ఏటవాలుగా నడవండి. పది అడుగులు వేసి ఆగండి. పక్షులు ఈకలు దువ్వుకుంటూ ఉంటే ఫరవాలేదు. దువ్వుకోవడం ఆపి మెడలు నిటారుగా పెట్టాయంటే మీరు ఎక్కువ దగ్గరకు వచ్చినట్టు. అన్నీ ఒకే వైపుకు తిరిగి కదలడం మొదలుపెడితే వెంటనే వెనక్కి తగ్గండి. సరైన దూరం ఎన్ని మీటర్లని నన్ను అడిగితే చెప్పలేను. వాటి మెడలు చెబుతాయి.

ఆ దూరం దొరికాక స్టూలు వేసుకుని కూర్చోండి. పావుగంటలో మీరు గట్టులో భాగం అయిపోతారు.

అయిదో అడుగు: వేట చూడటం

తెల్లవారాక మొదటి రెండు గంటలు దీనికోసమే ఉంచుకోండి.

ముందు ఒంటరి పక్షిని పట్టుకోండి, అంటే బైనాక్యులర్లో. స్పాట్-బిల్డ్ తరచూ ఒంటరిగానే వేటాడుతుంది. మెల్లగా ఈదుతూ పోతుంది. మెడ కాస్త వెనక్కి లాగుతుంది. అక్కడి నుంచి రెప్ప వేయకండి. ముక్కు నీళ్లలోకి పోగానే కిందిముక్కులోని రెండు సన్నటి ఎముకలు విల్లులా పక్కలకు వంగుతాయి, సన్నటి గీతలా ఉన్న నోరు గుండ్రటి జల్లెడ అవుతుంది, సంచి వలలా తెరుచుకుంటుంది. బ్రౌన్ పెలికాన్ సంచిలో సుమారు 10 లీటర్ల నీళ్లు పడతాయి. అంత బరువుతో తల ఎత్తడం కుదరదు కాబట్టి ముక్కును రొమ్ముకు ఆనించి నీళ్లు కారిపోనిస్తుంది. తర్వాత ఒక్కసారి తల పైకి విసిరితే చేప గొంతులోకి జారిపోతుంది. పెలికాన్ చేపలను సంచిలో దాచుకుని తీసుకెళుతుందని చాలామంది అనుకుంటారు. సంచి పట్టడానికే. మోసుకెళ్లేది కడుపులోనే.

చూడవలసింది దొరికిన చేపలనే కాదు, దొరకనివాటిని కూడా. పది మునకలు లెక్కపెట్టండి. తల పైకి విసిరితే దొరికినట్టు, ఉత్త నీళ్లు వదిలేసి ముందుకు పోతే దొరకనట్టు. అరగంట ఇలా లెక్కపెడితే ఒక్కో పక్షి నేర్పు విడివిడిగా తెలుస్తుంది. గోధుమ రంగు ఈకలున్న కుర్ర పక్షులు ఎక్కువసార్లు ఖాళీ సంచితో లేవడం గమనిస్తారు. నాకు ఈ లెక్క ఆట క్రికెట్ స్కోరు రాసినంత సరదా.

గుంపు వేట దొరికితే ఇక అదృష్టమే. గ్రేట్ వైట్, అమెరికన్ వైట్ పెలికాన్లు ఇందులో ఘనులు. పది పదిహేను పక్షులు గుర్రపు నాడా ఆకారంలో వరస కట్టి, రెక్కలతో నీళ్లు కొట్టుకుంటూ చేపలను లోతులేని వైపుకు తోలుతాయి. వృత్తం బిగుస్తుంది. అన్ని తలలూ ఒకేసారి మునుగుతాయి, ఒకేసారి లేస్తాయి. ఈ గందరగోళంలో నీటికాకులు కూడా చేరి లోపలి నుంచి చేపలను తరుముతాయి. మొత్తం గుంపును ఒకసారి చూశాక రెండోసారి ఒక్క చివరి పక్షినే చూడండి. పని ఎగ్గొట్టి తినే సమయానికి లోపలికి దూరేవి ఒకటి రెండు కచ్చితంగా ఉంటాయి!

బ్రౌన్ పెలికాన్ ఉన్న తీరంలో ఆట వేరు. అది పదీ పదిహేను మీటర్ల ఎత్తున తిరుగుతూ తిరుగుతూ, చటుక్కున రెక్కలు మడిచి తలకిందులుగా పడుతుంది. నీటికి తగిలే ముందు ఒంటిని ఎడమ వైపుకు తిప్పుకోవడం చూడండి. దాని గాలిగొట్టం, ఆహారనాళం మెడకు కుడి పక్కన ఉంటాయి కాబట్టి ఆ వైపు దెబ్బ తగలకుండా. చర్మం కింద ఉండే గాలి తిత్తులు దిండులా పనిచేస్తాయి. పైకి తేలాక సంచిలో నీళ్లు పోవడానికి నిమిషం దాకా పట్టవచ్చు. గల్ పక్షులకు ఇది బాగా తెలుసు. కొన్ని వచ్చి నేరుగా పెలికాన్ తల మీదే కూర్చుంటాయి, నోరు ఎప్పుడు తెరుస్తుందా అని.

ఆరో అడుగు: ఏమీ జరగని సమయం

ఎండెక్కాక గుంపు లంక మీదకు చేరి కూర్చుంటుంది. అందరూ లేచి వెళ్లిపోయేది ఇక్కడే.

ముందు సంచి చూడండి. నోరు కాస్త తెరిచి సంచిని టపటపా ఆడిస్తూ ఉంటుంది. పక్షులకు చెమట పట్టదు, ఒళ్లు చల్లబరుచుకునే దారి అది. తర్వాత దువ్వుకోవడం. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథికి ముక్కు రాసుకుని ఈకలన్నిటికీ పట్టిస్తుంది. అంత పొడుగు ముక్కుతో తన మెడ తానే గోక్కోవడం ఎంత కష్టమో ఆ అవస్థ చూస్తేనే అర్థమవుతుంది. ఒక్కోసారి పాదం ఎత్తి గోక్కుంటుంది. అప్పుడు గమనించండి, బాతుకు మూడు వేళ్ల మధ్యే చర్మం ఉంటుంది, దీనికి నాలుగు వేళ్లూ కలిసే ఉంటాయి. పేరులో బాతు ఉన్నా ఇది బాతు కాదు. దీని దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలోని షూబిల్, హ్యామర్‌కాప్ పక్షులు.

ఇంకొకటి ఉంది, చూస్తే మొదటిసారి భయమేస్తుంది. పక్షి ముక్కు ఆకాశానికి ఎత్తుతుంది, లేదా సంచిని మెడ మీదకు వెనక్కి లాగుతుంది, లోపలి నుంచి మెడ ఎముకలు సంచిలోంచి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి. ఇంటర్నెట్‌లో దీన్ని వెన్నెముక బయటికొచ్చిందని తిప్పుతుంటారు. అది సంచికి వ్యాయామం, అంతే. మనం ఒళ్లు విరుచుకోవడం లాంటిది. ఒకటి మొదలుపెడితే పక్కవి కూడా చేయడం నేను చాలాసార్లు చూశాను.

ఈ ముక్కు చాలా పాతది. ఫ్రాన్స్‌లో దొరికిన సుమారు 3 కోట్ల ఏళ్ల నాటి పెలికాన్ శిలాజంలో ముక్కు దాదాపు ఇప్పుడున్నట్టే ఉంది.

ఏడో అడుగు: తల పైకెత్తండి

నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైతే, పొద్దున తొమ్మిదీ పది మధ్య, గూడబాతులు ఎగరడానికి సిద్ధమవుతాయి. లేచేటప్పుడు ఉన్న ఆయాసం పైకి వెళ్లాక ఉండదు. వేడిగాలి సుడిలో రెక్కలు చాచి, ఒక్కసారి కూడా ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ చుక్కల్లా అయ్యేదాకా పోతాయి. గుంపు తిరిగేటప్పుడు అన్నీ ఒకేసారి ఎండకు మెరిసి, ఒకేసారి మాయమవుతాయి. మెడ నొప్పి పుడితే గట్టు మీద వెల్లకిలా పడుకుని చూడండి. నేను సిగ్గుపడటం మానేశాను.

వరసగా పోయేటప్పుడు ముందున్న పక్షి రెక్క ఆడించగానే వెనకవి ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తాయి, అల పాకినట్టు. ముందున్నది ఆపితే వెనకవీ వరసగా ఆపుతాయి. ఇందులో లాభం ఉందని కొలిచి చూశారు. గ్రేట్ వైట్ పెలికాన్ల గుండె వేగాన్ని నమోదు చేసిన పరిశోధన 2001లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. ఒంటరిగా ఎగిరినప్పటి కంటే వరసలో ఎగిరినప్పుడు గుండె సుమారు 11 నుంచి 14 శాతం నెమ్మదిగా కొట్టుకుంది.

ఎనిమిదో అడుగు: గూళ్లు, బాగా దూరం నుంచి

కాలనీని చూసే అవకాశం వస్తే వదులుకోకండి, కానీ వాచ్ టవరు నుంచో, అనుమతి ఉన్న చోటు నుంచో మాత్రమే. తల్లీ తండ్రీ బెదిరి లేచిపోతే పది నిమిషాల ఎండ చాలు, ఈకలు లేని పిల్లలు చచ్చిపోవడానికి. కాకులకు అంత సమయం కూడా అక్కర్లేదు. డ్రోన్ ఎగరేయడం మరీ దారుణం.

పెలికాన్లు గుడ్లను పొట్ట కింద కాకుండా పాదాలతో పొదుగుతాయి. వెడల్పాటి ఆ పాదాల చర్మమే వెచ్చదనం ఇస్తుంది. డీడీటీ అనే పురుగుమందు చేపల ద్వారా బ్రౌన్ పెలికాన్లకు చేరి గుడ్డు పెంకులు పలచబడినప్పుడు, పొదిగే బరువుకే గుడ్లు చితికిపోయాయి. అమెరికాలో ఆ మందును 1972లో నిషేధించారు. పక్షులు మెల్లగా కోలుకుని 2009లో అక్కడి అంతరించిపోయే జీవుల జాబితాలోంచి బయటపడ్డాయి. అదే దేశంలో మొట్టమొదటి జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఏర్పడింది కూడా ఈ పక్షి కోసమే, ఫ్లోరిడాలోని పెలికాన్ ఐలండ్, 1903లో.

గూటిలో చూడవలసిన దృశ్యం పిల్లలకు తిండి పెట్టడం. కాస్త పెద్దయిన పిల్ల తల్లి సంచిలోకి తల, మెడ, ఒక్కోసారి భుజాలు కూడా దూర్చేస్తుంది. తల్లి పిల్లను మింగుతోందేమో అనిపిస్తుంది. తిండి దగ్గర పిల్లలు చేసే యాగీ ఇంకో వింత. రెక్కలు కొట్టుకుని, గిరగిరా తిరిగి, మూర్ఛ వచ్చినట్టు కింద పడిపోయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేస్తాయి. పెద్ద పక్షులు దాదాపు మూగవి. కాలనీలో వినిపించే గోలంతా పిల్లలదే.

అమెరికన్ వైట్ పెలికాన్ల పైముక్కు మీద గూళ్లు కట్టే కాలంలో కొమ్ములాంటి బొడిపె లేస్తుంది. గుడ్లు పెట్టాక రాలిపోతుంది.

ఒక జాగ్రత్త: చచ్చిన పక్షిని గానీ, తూలుతున్న పక్షిని గానీ ముట్టుకోవద్దు. 2022లో గ్రీసులోని ప్రెస్పా సరస్సులో బర్డ్ ఫ్లూ వచ్చి వెయ్యికి పైగా డాల్మేషియన్ పెలికాన్లు చనిపోయాయి. దూరం నుంచి ఫోటో తీసి అటవీ శాఖ వాళ్లకు చెప్పండి, బూట్లు కడుక్కోండి.

తొమ్మిదో అడుగు: రాసుకోండి

ఇంటికెళ్లి రాద్దామనుకుంటే పోతుంది. అక్కడే, అప్పుడే, వంకర టింకరగా అయినా సరే. తేదీ, వెలుగు, నీటి మట్టం, ఎన్ని పక్షులు, అందులో కుర్రవి ఎన్ని, ఏం చేశాయి. చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెడితే మీ లెక్క మరొకరికి పనికొస్తుంది, కానీ కొత్తగా కనపడిన గూళ్ల చోటు అందరికీ తెలిసేలా పెట్టకండి. నా నోట్‌బుక్కులో ఒక పేజీ ఇలా ఉంది:

"6:40. మంచు. 23 పక్షులు, 5 కుర్రవి. 7:05. ముక్కు కొన విరిగిన పక్షి మళ్లీ వచ్చింది. 12 మునకలు, 4 చేపలు. 7:30. నీటికాకి దాని చేపను లాక్కుంది, తర్వాత ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. 9:50. మొదటి గుంపు లేచింది. విరిగిన ముక్కుది వెళ్లలేదు. 11:00. అదింకా అక్కడే ఉంది. నేనూ."